పట్టాలిచ్చిన ఊరికి పాసింజరు బండి బరువా?

సోదర రైల్వే, తపాలా ఉద్యోగులారా!

చిన్న స్టేషను నష్టదాయకమనియు, పాసింజరు బండి భారమనియు అధికారవర్గములు నేడు మంత్రమువలె జపించుచున్నవి. ఈ మాటలోని నిజమెంతయో తేల్చుకొనుటకు ఢిల్లీ దాకా పోనక్కరలేదు. హౌరా–ముంబయి మార్గమున, రాయపూర్, దుర్గ్ నగరముల నడుమనున్న భిలాయి-3ను చూచిన చాలును.

ఉక్కునగరపు సెక్టర్లకు చేరువైనవి భిలాయి పవర్‌హౌస్, భిలాయినగర్ స్టేషన్లు. భిలాయి-3లో ఉన్న స్టేషనుకు 'భిలాయి' అనియే పేరు. అది ప్రధానముగా రైలు కార్మికుల ఊరు. ప్రక్కనున్న చరోడాలో మార్షలింగ్ యార్డు, ఆ చేరువలోనే ఎలక్ట్రిక్ లోకో షెడ్డు కలవు. వ్యాగన్లను విడదీసి కూర్చువారు, ఇంజన్లను మరమ్మతు చేయువారు, ఎండలో పట్టాలు సరిచూచువారు ఇచ్చటనే నివసించుచున్నారు.

ఈ మార్గపు చరిత్ర బోధించు పాఠమొకటి కలదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ లాభార్జనకొరకే దీనిని నడిపినది. 1944లో ప్రభుత్వము దానిని స్వాధీనపరచుకొన్నది. 1955 ఫిబ్రవరి 2న ఉక్కు కర్మాగారమునకై సోవియట్ యూనియన్‌తో ఒప్పందము కుదిరినది. అదే ఏడు ఆగస్టులో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. 1960లో పట్టాల మిల్లు పని ఆరంభించినది. నాటినుండి దేశపు రైళ్లు భిలాయి పట్టాలపై పరుగిడుచున్నవి. 1931లో పూర్తియైన రాయపూర్–విజయనగరం మార్గమువెంట శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతముల తెలుగు కుటుంబములెన్నో ఈ గడ్డకు వలసవచ్చి, ఈ నిర్మాణములో తమ చెమటను కలిపినవి.

అట్టి ఊరి శ్రామికునికి లభించిన ప్రతిఫలమేమి? 2020 మార్చిలో కరోనా పేరిట పాసింజరు బండ్లు ఆగినవి. తిరిగి కదలినప్పుడు వాటికి 'స్పెషల్' అను కొత్త పేరు వచ్చినది. బండి అదే, పెట్టె అదే, వేగము అదే. 10 రూపాయలుగా ఉండిన కనీస చార్జీ మాత్రము 30 అయినది. సీజన్ టిక్కెట్టు లేని దినకూలికి రానుపోను 40 రూపాయల అదనపు భారము. 25 పనిదినములకు 1000 రూపాయలు! పాత చార్జీ మరల వచ్చుటకు 2024 ఫిబ్రవరి దాకా నిరీక్షించవలసివచ్చినది. ఈ నడుమ 2022 వేసవిలో బొగ్గు రవాణాకై ఛత్తీస్‌గఢ్‌లో అనేక ప్రయాణికుల బండ్లు రద్దయినవి. విద్యుత్తునకు బొగ్గు అవసరమే, కాదనువారెవరు? కాని రెంటికీ చాలునట్లు మార్గములు ముందుగా వేయని పాలకుల తప్పునకు కూలివాడేల శిక్ష అనుభవించవలె?

ప్రయాణపు ఖర్చులో 57 శాతము మాత్రమే వసూలగుచున్నదని టిక్కెట్టుపైననే ముద్రించి మనలను సిగ్గుపడుమనిరి. ఈ లెక్కలోని కిటుకును గమనింపుడు. భిలాయి-3 కౌంటరులో పడిన చిల్లర మాత్రమే ఆ స్టేషను ఆదాయమట! ఆ ఊరి కార్మికుడు యార్డులో కూర్చి పంపిన గూడ్సుబండి సంపాదన వేరొక పద్దులో చేరును. ఉదయపు బండిలో పనికి వచ్చిన మనుష్యుడు లేనిదే సాయంకాలపు గూడ్సు కదలునా? చేతులను ఖర్చుక్రిందను, చేతులు చేసిన పనిని లాభముక్రిందను వ్రాయు గణకుడు ఎవరి పక్షమున ఉన్నాడో వేరుగా చెప్పవలెనా?

తపాలా సోదరులారా, ఇది రైల్వేవారి గోడు మాత్రమే అని తలపకుడు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో విలీనము చేసిరి. పేదవాడు నమ్మకముగా వాడుకొన్న చౌకసేవను ఖరీదైన సేవలో కలిపివేయుటయే అక్కడి సూత్రము. పాసింజరును 'స్పెషల్' చేయుటలోని సూత్రమును అదియే. రైల్వే మెయిల్ సర్వీసు పుట్టిననాటినుండి మన రెండు శాఖలు ఒకే పట్టాలపై నడచినవి. నేడు రెంటిపై పడుచున్న వేటును ఒక్కటియే.

స్టేషన్లకు రంగులు, అద్దములు, తోరణములు సమకూర్చుటకు 2023 ఆగస్టు 6న ఒక్కనాడే 508 స్టేషన్ల పనులకు శంకుస్థాపన జరిగినది. సంతోషమే. కాని బండి ఆగని స్టేషనుకు ఎంత సుందరమైన ద్వారమున్నను ప్రయోజనమేమి?

కావున మన కోర్కెలు స్పష్టము. సామాన్య చార్జీల పాసింజరు బండ్లు పనివేళలకు అనుకూలముగా నడువవలె. చిన్న స్టేషన్లలో ఎత్తివేసిన హాల్టులను పునరుద్ధరించవలె. ఖాళీలను కాంట్రాక్టు కూలీలతో గాక శాశ్వత ఉద్యోగులతో నింపవలె. గూడ్సు ఆదాయమును కలిపి లెక్కించనిదే ఏ స్టేషనును 'నష్టదాయకము' అనరాదు.

1974 మే 8న మొదలై ఇరువది దినములు సాగిన సమ్మెలో రైలు కార్మికులు జైళ్లకు, బర్తరఫులకు వెరువలేదు. నాడు అణచివేయబడిన బోనసు కోర్కె 1979లో నెరవేరినది. న్యాయమైన కోర్కె ఓడిపోదు, ఆలస్యమగును. ప్లాట్‌ఫారముపై నిలిచిన ప్రయాణికుడు మనకు పరాయివాడు కాడు, మనవలెనే శ్రమజీవి. ఆతనిని మన చెంతకు చేర్చుకొన్ననాడు మన బలము రెట్టింపగును.

కార్మికుల, ప్రయాణికుల ఐక్యత వర్ధిల్లాలి!