క్రిస్మస్ బయానా: మిరప చేలో కొత్త వెట్టి

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచారు. రెండో తరగతిలో ఒక పిల్లవాడు వరసగా ఆరు రోజులు రాలేదు. ఏమైందోనని పల్లెలోకి వెళ్ళాం. ఇంటికి తాళం. పక్కింటి ముసలమ్మ "కాయకోతకి పోయారయ్యా, చీకటితోనే ఆటో ఎక్కారు" అంది. బండేసుకుని చేలోకే పోయాం. గట్టు మీద తుమ్మచెట్టు కింద చెల్లెల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు వాడు. ఒంటి మీద క్రిస్మస్ చొక్కా. నెల కిందట ఆ చొక్కా వేసుకునే చర్చిలో పాట పాడాడు. ఇప్పుడు దాని అంచుకు మిరప ఎరుపు అంటింది. చేతులు మండుతుంటే ఆ చొక్కాకే తుడుచుకుంటున్నాడు.

వాళ్ళమ్మ చాలులోంచి నడుము ఎత్తకుండానే చెప్పింది. "బయానా తీరలేదు సార్. ఈ పిల్లదాన్ని ఎవరు చూస్తారు? కోతలైపోంగానే పంపిస్తా."

కోతలు అయ్యేది మార్చి ఆఖరికి. పరీక్షలు అయ్యేదీ దాదాపు అప్పుడే.

ఆ బయానా ఏమిటో మేం కూచుని లెక్క కట్టాం. ఆమెకు పాతికేళ్ళు దాటి ఉంటాయి. భర్త పురుగుమందు కొట్టే పనికి పోతాడు. డిసెంబరులో వాళ్ళింట్లో డబ్బు ఎందుకు ఉండదో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చేను తొక్కిన ఎవరికైనా తెలుసు. మిరపకాయ ఇంకా పచ్చిగానే ఉంటుంది. కోతలు ఊపందుకునేది సంక్రాంతి దాటాకే. చేతిలో ఉన్నది పత్తితీత ఒక్కటే. ఆ కూలి కిలోల లెక్క. తొలి తీతలో బరువు తూగుతుంది. డిసెంబరు వచ్చేసరికి గులాబీరంగు పురుగు పడ్డ కాయలు సగం గుల్ల, మంచు ఆరిందాకా చేలోకి దిగే పని లేదు. పొద్దుటి నుంచి తీసినా సంచి నిండదు. గ్రూపు లోను కిస్తు మాత్రం మంచు చూసి ఆగదు. ఏసుక్రీస్తు పుట్టినరోజు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది. అదీ మన పల్లెల క్యాలెండరు. పండగ ముందు, పని తర్వాత.

ఆ సందులోకే ముఠా మేస్త్రి వస్తాడు. పండక్కి పది రోజుల ముందు, దీపాలు పెట్టే వేళకి. "పండగ పూట ఒట్టి చేతులతో ఉంటారా ఏందమ్మా? ఇదిగో ఐదు వేలు. వడ్డీ లేదు, నోటు లేదు. మిరపకోతకి మన చేలోకి రండి, చాలు. రేటు అప్పుడు సూద్దాంలే" అంటాడు. ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో! ఆ డబ్బుతో ఇద్దరు పిల్లలకు గుడ్డలు, అత్తకు చీర, చర్చి కానుక, కోడికూర, ఇంటి ముందు నక్షత్రం. పండగ అయిపోయింది.

ఇక రేటు "చూడ్డం" ఫిబ్రవరిలో. బయానా లేనివాళ్ళకు రోజుకు 400 పలికింది. ఈమెకు 300. అదేమంటే "పండక్కి ఆదుకున్నాం గదమ్మా" అన్నారు. కోతలన్నీ కలిపి 40 రోజులు. రోజుకు వంద చొప్పున 4,000 పోయింది. అసలు ఐదు వేలు కూలిలోంచి పట్టుకున్నది వేరే. మా పల్లెలో వడ్డీ వ్యాపారిని అందరూ తిడతారు, నూటికి నెలకు మూడు రూపాయలు గుంజుతాడని. వాడి దగ్గరే ఆ ఐదు వేలు తెచ్చుకుంటే మూడున్నర నెలలకు వడ్డీ 525 అయ్యేది. వడ్డీ లేని బయానాకు 4,000. దీంట్లో పిల్లవాడి చదువు లెక్క కలపలేదు.

ఇది సాయమా? అన్నలారా, అక్కలారా, దీనికి చట్టంలో ఒక పేరుంది. 1976లో వచ్చిన వెట్టిచాకిరీ రద్దు చట్టం ఏం చెప్పింది? బయానా తీసుకున్న కారణంగా మనిషి నామమాత్రపు కూలికి పని చెయ్యాల్సి వస్తే అది వెట్టి అంది. నామమాత్రపు కూలి అంటే ఏమిటో కూడా అదే చట్టం చెప్పింది. ప్రభుత్వం కట్టిన కనీస కూలి కన్నా తక్కువ. కనీస కూలి కట్టని పనైతే ఆ చుట్టుపక్కల అదే పనికి మామూలుగా ఇచ్చే దానికన్నా తక్కువ. సంకెళ్ళు అక్కర్లేదు, కాగితం కూడా అక్కర్లేదు, నోటిమాట చాలు. 1982లో ఆసియా క్రీడల పనులు చేసిన కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట కలిపింది. ఆకలి వల్ల కనీస కూలికన్నా తక్కువకు ఒప్పుకున్నా అది బలవంతపు చాకిరీయే, రాజ్యాంగం 23వ అధికరణకు విరుద్ధం అంది. ఈ చట్టం అమలు చూడాల్సింది కలెక్టరు. డివిజను స్థాయిలో నిఘా సంఘం కూడా ఉండాలని రాసి ఉంది. మన పల్లెల్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? చదువుకున్నవాళ్ళమై ఉండి మేం ఎంతమందికి చెప్పాం?

మాకు ఇది కొత్త కథ కాదు. మా నాయన జీతగాడు. 1980ల్లో క్రిస్మస్ వస్తే ఆసామి ఒక చీటీ రాసిచ్చేవాడు. ఆ చీటీ పట్టుకుని ఆయన చెప్పిన కొట్లోనే, ఆయన చెప్పిన ఖరీదులోనే గుడ్డ తెచ్చుకోవాలి. మా అన్నదమ్ములందరికీ ఒకే తానులో చొక్కాలు కుట్టించేవారు. చర్చికి పోతుంటే ఏ చొక్కా ఏ ఆసామిదో పల్లె అంతా చెప్పగలిగేది. ఆ గుడ్డ ఖరీదు ఏడాది జీతంలో ఎక్కడ తేలేదో, ఎన్ని నెలలు అదనంగా చాకిరీ అయ్యేదో నాయనకు లెక్క తెలీదు. లెక్క తెలియాలనే మమ్మల్ని చదివించాడు. ఇవాళ జీతగాళ్ళు పోయారు, పోయారని అందరూ రాస్తున్నారు. చీటీ పోయి చేతికి నోట్లు వచ్చాయి. ఆసామి పోయి మేస్త్రి వచ్చాడు. ఆ మేస్త్రి చాలాచోట్ల మనవాడే, అదీ చెప్పుకోవాలి. ఆయనకు తలకింత కమీషను ముడుతుంది. ఆయన్ని తిట్టి ఊరుకుంటే చేను గలవాడు నవ్వుకుంటాడు.

ఈ మాట ఎత్తగానే పెద్ద కులాల పెద్దమనుషులు ఒక సుద్ది చెబుతారు. "మీవాళ్ళకి పొదుపు తెలీదు. అప్పు చేసి పండగెందుకు?" అయ్యా, కోటప్పకొండ తిరునాళ్ళకు ఊరూరా ఆకాశమంత విద్యుత్ ప్రభలు కట్టి లక్షలు ఖర్చు పెడుతుంటే దాన్ని భక్తి అంటారు. సంక్రాంతి కోడిపందేల్లో చేతులు మారే డబ్బుని సంప్రదాయం అంటారు. మా పల్లెలో ఒక తల్లి పిల్లలకు చొక్కాలు కొంటే దుబారా! 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళను నరికి చంపడానికి ముందు ఏం చేశారో గుర్తుందా? సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలుపెట్టి, వెలివేసి, పొలం పనులు ఆపారు. చదువుకున్న మన పిల్లల తలెత్తిన నడక వాళ్ళ కళ్ళకు కంపరం. కొత్త చొక్కా మీద కూడా వాళ్ళకున్న కోపం అదే.

మనలోనే కొందరు మిత్రులు ఇంకో వైపు నుంచి వస్తారు. పండగే మానెయ్యమంటారు. వాళ్ళతో కూడా మాకు పేచీ ఉంది. ఏడాది పొడుగునా ఇంకొకరి చేలో వంగిన నడుము నిలబెట్టుకుని, ఉతికిన గుడ్డ కాక కొత్త గుడ్డ కట్టుకుని, తన పేటలో తన మనుషుల మధ్య కూర్చునే రోజు అది. కొత్తగా పెళ్ళయిన పిల్లకి అది పుట్టింటికి వెళ్ళే రోజు. దాన్ని తీసేసి ఏమిస్తారు?

డిసెంబరు 25 మనకు ఒక్క పండగ రోజే కాదు. 1927లో అదే రోజున మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ మనుస్మృతిని తగలబెట్టించారు. 1968లో అదే రోజు రాత్రి తమిళనాడు తంజావూరు జిల్లా కీళవెణ్మణిలో 44 మంది దళితుల్ని, ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే, గుడిసెలో పెట్టి కాల్చేశారు. వాళ్ళు చేసిన నేరం కూలి పెంచమనడం. భూస్వాముల్ని హైకోర్టు వదిలేసింది. క్రిస్మస్ నాడు కూలి మాట మాట్లాడటం అపశకునం అనుకునేవాళ్ళకు మేం ఈ సంగతి గుర్తు చేస్తున్నాం.

మన ప్రాంతంలో ఈ మతం పాదుకున్న తీరు చూసినా ఆ మాటే కనిపిస్తుంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని పెట్టించాడు. మట్టి తవ్వారు, కూలి తీసుకున్నారు. కూటి కోసం మతంలో కలిశారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. మళ్ళీ మొదలుపెట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దొర గొప్పతనం చాటడానికి ఇది చెప్పడం లేదు. మన తాతల తాతలు గింజల కోసం మారారని ఇప్పటికీ వెక్కిరించేవాళ్ళున్నారు. ఆ గింజలు వాళ్ళు తట్టలు మోసి సంపాదించుకున్నవి.

ప్రభుత్వాలకు మాత్రం మనం సంచి పట్టుకుని నిలబడితేనే ఇష్టం. 2014 తర్వాత కొన్నేళ్ళు రేషను షాపుల్లో క్రిస్మస్ కానుకని సంచి పంచారు. కందిపప్పు, బెల్లం, నూనె, పైన బొమ్మ. 2019లో ప్రభుత్వం మారాక అదీ ఆగింది. ఇచ్చినప్పుడు తీసుకున్నాం, తప్పేం లేదు. కానీ మిరపకోత కూలి ఎంతో, దాన్ని ఎవడు ఎగ్గొడుతున్నాడో చూడటానికి ఏ లేబరాఫీసరూ మా చేలోకి రాలేదు. పైగా క్రైస్తవుడని కాగితం మీద రాసుకున్న దళితుడు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ కాకుండా పోతాడు, బీసీ-సీలో ఒక్క శాతంలో పడతాడు. బ్యాంకు గడప ఎక్కలేని కుర్రవాళ్ళు మేస్త్రి బయానాకు కాక ఎక్కడికి పోతారు?

రైతు కూడా మునిగాడు గదా అంటారు. నిజమే. 2021-22లో నల్ల తామరపురుగు మిరపను ఊడ్చేసింది. 2025లో గుంటూరు యార్డులో ధర పడిపోతే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు కట్టింది. కౌలుకు ఒక ఎకరం వేసి దెబ్బతిన్నవాళ్ళు మన పల్లెల్లోనూ ఉన్నారు. కానీ 2023లో క్వింటాలు 20 వేలు దాటినప్పుడు కూలి రెట్టింపు చేసిన ఆసామిని మాకు ఒక్కణ్ణి చూపించండి. నష్టంలో భాగం పెట్టేవాడు లాభంలోనూ పెట్టాలి.

ఇక మన ఇంటి సంగతి. చర్చిలో కానుకలు ఇచ్చినవాళ్ళ పేర్లు, పక్కన రూపాయలు, మైకులో చదవటం ఆపాలి. వంద ఇచ్చినామె తల దించుకుని కూర్చోవడం మేం చూశాం. ఆ తల దించుకోవడమే మరుసటి ఏడు మేస్త్రి ముందు చెయ్యి చాపిస్తుంది. సౌండు బాక్సులకని ఇంటికింతని చందా కట్టడం కూడా ఆపాలి, యూత్ పిల్లలకు కోపం వచ్చినా సరే. మాబోటి ఉద్యోగస్థుల తప్పు ఇంకా పెద్దది. టౌను నుంచి కార్లేసుకుని వచ్చి మా పిల్లల పట్టుగుడ్డలు పల్లె అంతా చూపించింది మేమే. పోటీ పెట్టినవాళ్ళం మేం, అప్పుచేసింది ఆ తల్లి.

డబ్బుకు దారి మన ఆడవాళ్ళకు తెలిసిందే. 1992లో పక్క జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు సారా ఆపారు. ఆ తర్వాతే రోజుకు రూపాయి పొదుపు ఊరూరా పాకింది. డబ్బు ఆడేది కోతల్లో. ఆ 40 రోజులు రోజుకు 50 పక్కన పెడితే 2,000. ముఠాలో 20 మంది ఉంటే 40 వేలు. పోస్టాఫీసులో వేసి డిసెంబరు మొదట్లో తీసుకుంటే మేస్త్రి సగం బలం అక్కడే పోతుంది. మిగతా సగం రేటు దగ్గర ఉంది. బయానా తీసుకోక తప్పనివాళ్ళు తీసుకోండి, మేం కాదనం. కానీ రేటు ముందు, బయానా తర్వాత. బయానా బాకీ డబ్బులో తీరాలి, కూలి రేటులో కాదు.

ఈ మాట ఆ తల్లితో అంటే ఆమె మమ్మల్నే అడిగింది. "రేటు అడిగితే కర్నూలు ముఠాల్ని తెచ్చుకుంటాడు గదా సార్?" తెచ్చుకుంటాడు. కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికి వచ్చి చేలగట్ల మీద గుడారాల్లో ఉండే ఆ మనుషులకు ఇచ్చే బయానా మనకన్నా ముందే, మనకన్నా తక్కువ రేటుకే పడుతుంది. వాళ్ళ పిల్లలూ బడికి దూరంగా ఆ చాళ్ళలోనే ఉన్నారు. వాళ్ళతో మాట్లాడకుండా మన రేటు నిలబడదు. గుడారాల దగ్గరికి పోదాం, పోయి కూర్చుందాం.

నవంబరు ఆఖరి ఆదివారం ఆరాధన అయ్యాక ప్రతి ఊళ్ళో చర్చి అరుగు మీదే కలవండి. మాలపల్లె ముఠాలు, మాదిగపల్లె ముఠాలు కలిసి. మేస్త్రుల్నీ పిలవండి. ఆడవాళ్ళు ముందు మాట్లాడాలి. ఆ రోజు అనుకున్న రేటు, ఎవరు ఎంత బయానా తీసుకున్నారో, తేదీతో సహా రాసుకోవాలి. నోటుపుస్తకం మేం తెస్తాం.