కాల్షియం పక్కన బాణం గుర్తు

హెల్త్ చెకప్ రిపోర్టులో కాల్షియం 10.8 అని, పక్కన పైకి బాణం కనబడగానే ఇంట్లో పాలు, పెరుగు మానిపించేస్తారు. ఆ తొందర వద్దు. రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసేది పెరుగన్నం కాదు, మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు. ఒంట్లో నీరు తగ్గినా, చేతికి పట్టీ ఎక్కువసేపు బిగించి రక్తం తీసినా అంకె కాస్త పెరుగుతుంది. ముందు అల్బుమిన్ అనే రక్త ప్రోటీన్‌తో కలిపి మళ్లీ చేయించండి. బీపీకి వాడే థయాజైడ్ మాత్రలు, ఎవరో చెప్పారని నెలల తరబడి మింగుతున్న విటమిన్ డి గురించి డాక్టరుకు దాచకుండా చెప్పండి. రెండోసారీ ఎక్కువే వస్తే పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) పరీక్ష అడగాల్సిందే. కాల్షియం పెరిగినప్పుడు పీటీహెచ్ తగ్గాలి. తగ్గలేదంటే గ్రంథిలోనే తేడా ఉందేమో చూడాలి. ‘కొంచెమేగా’ అని ఏళ్లకేళ్లు వదిలేస్తే ఎముకలు గుల్లబారవచ్చు, కిడ్నీలో రాళ్లు చేరవచ్చు. ముఖ్యంగా నడివయసు దాటిన ఆడవాళ్లలో కాల్షియం పెరిగినా వచ్చే నీరసాన్ని, ఒళ్లునొప్పులను వయసు మీదికి నెట్టేయడం ఇకనైనా మానాలి.