పెంట కొనేముందు దాణా సంగతి అడగండి

కొడిమ్యాల దిక్కు యాసంగి మక్కలు కల్లాల నుంచి లారీలెక్కితే, అందులో పెద్ద వాటా కోళ్ల దాణాకే పోతుంది. మక్క తిన్న కోళ్ల పెంట మళ్లీ ట్రాక్టర్లలో పసుపు చేలకు వస్తుంది. కొనే రైతు ట్రిప్పు ఎంతని అడుగుతాడు, తడి ఉందేమోనని చేత్తో పిసికి చూస్తాడు. ఆ కోళ్లు ఏం తిన్నాయని అడిగినవాళ్లు నాకింకా తగల్లేదు. పెంటలోని భాస్వరం గుణాన్ని ముఖ్యంగా తేల్చేది మాత్రం దాణాయే.

మక్కగింజలోని భాస్వరంలో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో ఉంటుంది. మొలక కోసం గింజ దాచుకున్న సరుకది. సోయా చెక్కలోనూ ఇంచుమించు ఇదే లెక్క. దాన్ని విడగొట్టే ఫైటేజ్ అనే ఎంజైము కోడి పేగులో చాలినంత ఉండదు, కాబట్టి ఫైటేట్ చాలావరకు పెంటలోకి దిగుతుంది. ఎముకలకు భాస్వరం తక్కువ పడకుండా దాణాలో డీసీపీ, అంటే డైకాల్షియం ఫాస్ఫేట్ కలుపుతారు. మోతాదు మించితే అదీ పెంటలోకే.

1991లో నెదర్లాండ్స్‌లో ఫైటేజ్‌ను దాణాలో కలపడానికి అమ్మడం మొదలుపెట్టారు. ఇప్పుడది మన దాణాల్లోనూ మామూలే. ఎంజైము వేసి, ఆ మేరకు డీసీపీ తగ్గిస్తే పెంటలో మొత్తం భాస్వరం తగ్గుతుంది. డీసీపీ తగ్గించకుండా ఎంజైము వేస్తే మాత్రం నీళ్లలో కరిగే వాటా పెరుగుతుంది. ఫైటేట్ మట్టిని గట్టిగా అంటిపెట్టుకుంటుంది. కరిగేది పంటకు తొందరగా అందుతుంది, పెద్దవాన పడితే చెరువుకూ అంతే తొందరగా చేరి నాచు పెంచుతుంది. అమెరికాలోని మేరీలాండ్ నదుల్లో 1997లో చేపలు చచ్చితేలితే, అనుమానం కోళ్ల పెంట మీద పడింది. మరుసటేడే అక్కడ చేసిన చట్టం పెంట దగ్గర ఆగలేదు, కోళ్ల దాణాలో ఫైటేజ్ వేయాల్సిందేనంది. మూలం దాకా పోయిన చట్టాలు అరుదు.

మన దగ్గర బ్రాయిలర్ ఫారాల్లో చాలావరకు కంపెనీ పద్ధతే. పిల్లలు, దాణా కంపెనీవి, షెడ్డు, చాకిరి రైతువి. పెంట సాధారణంగా రైతుకే మిగులుతుంది. దాణాలో ఏం పడిందో అతనికే తెలియకపోతే కొనేవాడికి ఏం చెప్తాడు?

దాణాతో పాటు తడి సంగతీ ఉంది. షెడ్డులోకి పోయి చూడండి. మేత డబ్బాల చుట్టూ ఊక పొడిపొడిగా ఉంటుంది. నీళ్ల గిన్నెల కింద నల్లగా గడ్డకట్టి, పారతో లేపితే పలకలుగా వస్తుంది, ఘాటుకు కళ్లు మండుతాయి. కోళ్లు తిన్నది ఒకే దాణా అయినా, తడిచోట సూక్ష్మజీవులు ఫైటేట్‌ను తొందరగా విడగొడతాయి. చేను గట్టున వానకు తడిసే కుప్పలోనూ జరిగేది అదే.

టన్ను ఊకపెంటలో భాస్వరం, తేమను బట్టి అటూఇటుగా, ఒక డీఏపీ బస్తాలో ఉండే 23 కిలోలకు దగ్గరగా ఉంటుంది. అయినా పెంట తోలిన చేనుకు డీఏపీ కూడా వేయడం అలవాటైపోయింది. మట్టిని చూసే పొలాస పరిశోధన స్థానం, కోడిని చూసే కోరుట్ల పశువైద్య కళాశాల ఒకే జిల్లాలో ఉన్నాయి. రెండూ కలిసి ఇక్కడి ఫారాల పెంటను పరీక్షించి, ఏ దాణాకు ఏ రకం భాస్వరం ఎంత వస్తుందో ఊరూరికీ చెప్పొచ్చు. కంపెనీలు డీసీపీ, ఫైటేజ్ మోతాదులను దాణా బస్తా చీటీ మీదే అచ్చేయాలి. అది వచ్చేదాకా ఆగకుండా ఈసారి పసుపుకు ముందు భూసార పరీక్ష చేయించండి. భాస్వరం ఎక్కువని తేలితే డీఏపీ మానేసి, పెంట మోతాదూ తగ్గించండి. కుప్ప మీద పరదా కప్పి, ఆఖరి దుక్కిలో కలిపేయండి.