మన ఒరిజినల్ ఆ డూప్లికేటే

మొన్నామధ్య మా ఆఫీసులో ఒక మిత్రుడు జపాన్ నుంచి ఫ్యామికామ్ తెప్పించుకున్నాడు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, 1983లో నింటెండో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన వీడియో గేమ్ డబ్బా అది. ఎరుపూ తెలుపూ రంగుల్లో ముచ్చటగా ఉంటుంది. ధర, షిప్పింగు, కస్టమ్స్ అన్నీ కలిపి పద్దెనిమిది వేల పైమాటే అయిందట. లంచ్ టైములో అందరికీ చూపిస్తున్నాడు. నేను ఊరుకోలేక "నా దగ్గరా ఒకటుంది, చిన్నప్పటిది, ఇంకా పనిచేస్తోంది" అని ఫోన్లో ఫోటో చూపించా. రెండు సెకన్లు చూసి "ఓ, డూప్లికేటా" అని ఫోను వెనక్కిచ్చేశాడు.

ఆ "ఓ" దగ్గర్నుంచీ నాకు కడుపు మండుతూనే ఉంది. ఈ టపా ఆ మంట చల్లార్చుకోడానికే. కాస్త ఘాటుగా ఉంటే ఏమీ అనుకోకండి :)

నేననేది ఒక్కటే. మన దేశంలో, అందులోనూ మా ఉదయగిరి, ఆత్మకూరు లాంటి చోట్ల పెరిగినవాడికి ఆ డూప్లికేటే ఒరిజినల్. పాత గేములు సేకరిస్తాననే తెలుగువాడు ముందు దాన్ని అటక మీంచి దించాలి. జపాన్‌ది తర్వాత కొనుక్కోవచ్చు, ఎవరొద్దన్నారు?

మా డబ్బా కథ చెప్తా. మా మెట్ట ప్రాంతం నుంచి కువైట్ పోయినవాళ్ళు చాలామందే ఉంటారు. మా మేనమామా అక్కడ డ్రైవరుగా చేసేవాడు. 1996 ఎండాకాలంలో సెలవుకొస్తూ తెచ్చిన సూట్‌కేసులో దుప్పట్లు, సెంటు సీసాలు, టైగర్ బామ్‌తో పాటు ఇదీ ఉంది. రెండు జాయ్‌స్టిక్కులు, ఒక తుపాకీ, "9999999 ఇన్ 1" అని రాసున్న పసుప్పచ్చ క్యాసెట్టు. అవును, క్యాసెట్టే. కార్ట్రిడ్జి అనే మాట నేను ఇంజనీరింగుకొచ్చాకే విన్నాను. దుర్గం కొండ కనబడే మా మిద్దె ఇంట్లో ఆ ఎండాకాలమంతా పదిమంది పిల్లలు, ఒక టీవీ. కరెంటు పోయిందంటే ఆట మళ్ళీ మొదటికి. మా కరెంటు సంగతి మీకు తెలియంది కాదు. మారియోలో నాలుగో ప్రపంచం దాటడానికి నాకు రెండు నెలలు పట్టింది, అందులో సగం పాపం కరెంటాఫీసుదే.

తర్వాత ఆత్మకూరు హాస్టల్లో చేరాక తెలిసింది, ప్రపంచంలో ఇలాంటి డబ్బాలు ఇంకా ఉన్నాయని. బస్టాండు దగ్గర ఒక షాపులో మూడు టీవీలు, మూడు డబ్బాలు, గంటకి 5 రూపాయలు. ఒకదాని మీద టెర్మినేటర్ అని, ఒకదాని మీద లిటిల్ మాస్టర్ అని, మూడోదాని మీద ఏమీ లేదు. క్యాసెట్టు మాత్రం దేన్లో పెట్టినా ఆడేది. నింటెండో అనే పేరు ఎక్కడా కనబడలేదు.

ఇక అసలు వాదనకొద్దాం. అమెరికాలో పెరిగిన మన ఎన్నారై పిల్లల్ని, నా వయసువాళ్ళనే, అడిగి చూడండి. మారియో తెలుసంటారు, కాంట్రా తెలుసంటారు. "ట్యాంకుల గేము"? తెలియదు. దాని పేరు బ్యాటిల్ సిటీ, 1985లో నామ్కో చేసింది. ఈ డబ్బాకి అది అమెరికాలో అసలు విడుదలే కాలేదు. సర్కస్ గేమూ, రెండు పెంగ్విన్లని ఒకేసారి నడిపించే ఆ గేమూ అంతే. మనకవి అన్నం మెతుకుల్లాంటివి. కారణం వెతికితే భలే సాదాగా ఉంది. 1984, 85 నాటి జపాన్ గేములు 24 నుంచి 40 కిలోబైట్లు, క్యాసెట్టులో అదనపు చిప్పులేవీ అక్కర్లేదు. వందల గేములని ఒక్క క్యాసెట్టులో కుక్కేవాడికి కావాల్సింది సరిగ్గా అవే. (99 లక్షలు అన్నది మాత్రం శుద్ధ అబద్ధం. పది ఇరవై గేములనే వేర్వేరు లెవెళ్ళ నుంచి మొదలుపెట్టి పేర్లు మార్చేవాళ్ళు.) సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లు. పొద్దున్నే మా బాబాయి వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ గులాబీ అంతకన్నా పెద్దది.

అంటే, దొంగ క్యాసెట్టు చేసినవాడి మెమరీ చిప్పు ఖర్చు మన బాల్యంలో ఏ గేములుండాలో నిర్ణయించింది. ఇది అమెరికా వాళ్ళ చరిత్ర కాదు, అచ్చంగా జపాన్ వాళ్ళదీ కాదు. మనం రాసుకోకపోతే ఇంకెవడూ రాయడు.

రెండో సంగతి ఇంకా బావుంటుంది, ఇంజనీర్లు కాస్త ఓపిక పట్టండి. జపాన్ టీవీలు సెకనుకి 60 సార్లు బొమ్మ గీస్తే మన పాల్ టీవీలు 50 సార్లు గీసేవి. ఆ రోజుల్లో గేములు కాలాన్ని ఫ్రేముల్లో లెక్కపెట్టేవి. కాబట్టి 50 దగ్గర ఆడితే ఆటా పాటా ఆరో వంతు నెమ్మదిస్తాయి. నింటెండో యూరప్ కోసం చేసిన పాల్ డబ్బాలో ప్రాసెసర్ వేగం కూడా 1.79 నుంచి 1.66 మెగాహెర్ట్జ్‌కి దిగింది, దాంతో శ్రుతి కూడా తగ్గింది. పైగా ప్రాసెసరుకీ బొమ్మ గీసే చిప్పుకీ మధ్య నిష్పత్తి మారిపోయింది. జపాన్‌లో అది 1:3, ఇక్కడ 1:3.2. టైమింగు మీద ఆధారపడ్డ జపాన్ గేములు కొన్ని దాంట్లో తిక్కతిక్కగా ఆడతాయి.

మా డబ్బా విప్పితే లోపల యూఏ6538 అనే చిప్పుంది, తైవాన్‌కి చెందిన యూఎంసీ వాళ్ళది. వాళ్ళు ఏం చేశారంటే, పాల్ టీవీకి కావాల్సిన 312 గీతలూ ఇస్తూనే 1:3 నిష్పత్తిని ముట్టుకోలేదు. అదనపు గీతలని బొమ్మ అయిపోయాక, ఫ్రేము అయిందని ప్రాసెసరుకి కబురు పెట్టేలోపు ఖాళీగా గడిపేశారు. ప్రాసెసర్ 1.77 దగ్గర నడుస్తుంది. దాంతో పాట నెమ్మదిస్తుంది కానీ శ్రుతి దాదాపు మారదు, జపాన్ గేములు చక్కగా ఆడతాయి. జపాన్ గేములు ఆడించే విషయంలో, నింటెండో సొంతంగా చేసిన యూరప్ డబ్బా కన్నా ఈ డూప్లికేటే నయం!

రష్యాలో 1992లో వచ్చిన డెండీ కూడా ఇదే బాపతు. తైవాన్ సరుకే, నింటెండో అనుమతి లేనిదే. కానీ వాళ్ళు సిగ్గుపడలేదు, మాది డెండీ అన్నారు. ఈరోజు మెసెన్ అనో ఎఫ్‌సీఈయూఎక్స్ అనో ఎమ్యులేటర్ తెరిచి సెట్టింగుల్లో చూడండి, ఎన్‌టీఎస్‌సీ, పాల్ పక్కన మూడోది "డెండీ" అని ఉంటుంది. మా డబ్బా ఆ మూడో ఆప్షన్‌లోనే సరిగ్గా వినబడుతుంది. కోట్లమంది జనం ఉన్న మనం మాత్రం "ఓ, డూప్లికేటా" దగ్గరే ఆగిపోయాం.

ఆ మిత్రుడి ఫ్యామికామ్ సంగతి కూడా చెప్పేస్తా. జపాన్ అడాప్టరు 100 వోల్టులది, నేను చెప్తూనే ఉన్నా, కన్వర్టర్ లేకుండా గోడకి పెట్టేశాడు. పొగ. డబ్బాకేమీ కాలేదు లెండి, వేరే అడాప్టరు కట్టి మారియో పెట్టాం. ఒక నిమిషం ఆడి నా వైపు తిరిగి "ఏంటి బాస్, ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతోంది?" అన్నాడు. ఈయనగారు గుంటూరులో పెరిగాడు. చిన్నప్పుడు ఆడింది దేని మీదో మీరే ఊహించుకోండి. పద్దెనిమిది వేలు పోసి వేరేవాడి బాల్యం కొనుక్కున్నాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అవన్నీ దొంగ సరుకే. గేము రాసినవాడికి ఉదయగిరి నుంచి ఒక్క పైసా పోలేదు. నెలనెలా సాఫ్ట్‌వేర్ రాసి జీతం తీసుకునే నాకు ఈ మాట రాస్తుంటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. మాకు ఇంకో దారి ఉండి దీన్ని ఎంచుకోలేదు, ఒరిజినల్ అమ్మే కొట్టు మా చుట్టుపక్కల లేదు, అంతవరకూ నిజం. అలాగని అది దొంగతనం కాకుండా పోదు. కానీ దాచుకోవడం అంటే మెచ్చుకోవడం కాదు కదా.

మార్పులు చేయొచ్చా లేదా అనేది ఇంకో తగువు. సేకరించేవాళ్ళలో ఒక రకం స్క్రూ కూడా ముట్టుకోనివ్వరు. నాకు వాళ్ళతో పడదు. మా డబ్బాకి ఉన్నది యాంటెనా అవుట్‌పుట్ మాత్రమే, కొత్త టీవీలో దాన్ని పట్టుకోవడం చావుకొచ్చింది. ఒరిజినల్ ఫ్యామికామ్‌దీ అదే గతి, దానికీ సర్జరీ తప్పదు. సర్జరీ పెద్దదేం కాదు. బొమ్మ గీసే చిప్పు 21వ కాలు నుంచి వచ్చే వీడియోని ఒక ట్రాన్సిస్టరు, రెండు మూడు రెసిస్టర్లు, ఒక కెపాసిటరు మీదుగా బయటికి తేవాలి, అంతే. యూట్యూబులో పదిసార్లు చూసి, దసరా సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు మొదలెట్టా. యాంటెనా సిగ్నల్ తయారుచేసే రేకు డబ్బీని పీకడానికి వేడి ఎక్కువ పెట్టా. రాగి గీత బోర్డు మీంచి లేచొచ్చేసింది. పదహారేళ్ళ అనుభవం ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చేతిలో ముప్ఫై ఏళ్ళ నాటి డబ్బా చచ్చింది.

సిగ్గు చంపుకుని ఆత్మకూరు పట్టుకెళ్ళా. ఒకప్పుడు టీవీలు, టేప్‌రికార్డర్లు బాగుచేసిన అన్న ఇప్పుడు సెల్‌ఫోన్లకి డిస్‌ప్లేలు మారుస్తున్నాడు. బోర్డు చూసి "ఏందబ్బయ్యా, ఇట్టా కాల్చినావు? ఇది ఫోను బోర్డు కాదు, దీనికి నిదానం కావాల" అన్నాడు. సన్న వైరుతో తెగిన గీతని కలిపి, నేను పీకిన రేకు డబ్బీని నా చేతిలో పెట్టి "పారేయబాక, ఎప్పుడన్నా మళ్ళీ కావాలంటే?" అన్నాడు. నాకు ఇంతకన్నా మంచి నియమం ఏ సైటులోనూ దొరకలేదు. తీసిందేదీ పారెయ్యను, కొత్త బెజ్జం పెట్టను. పాత యాంటెనా బెజ్జంలోనే వీడియో, ఛానెల్ స్విచ్చి బెజ్జంలో ఆడియో. రేపెవరైనా మొదట్లా పెట్టాలనుకుంటే పెట్టుకోవచ్చు.

ఒక్కటి చెప్పాలి, అన్న బాగుచెయ్యగలిగింది అది పాత రకం కాబట్టి. ఆ తర్వాత వచ్చినవాటిలో మొత్తం ఒకే చిప్పు, దానిమీద నల్లటి మైనం ముద్దలా జిగురు పోసేశారు. అది పోతే పోయినట్టే. మీ ఇంట్లో విడివిడి చిప్పులున్న డబ్బా ఉంటే దాని విలువ తెలుసుకోండి.

పైన ప్లాస్టిక్కు ఒక మూల ఎప్పుడో విరిగింది. ఉదయగిరి చెక్క స్పూన్లు వినే ఉంటారు, జీఐ గుర్తింపు కూడా ఉంది. అక్కడ చేయించే చోటే ఒక పెద్దాయన్ని అడిగి చెక్కతో పై కప్పు చేయించా. నేనిచ్చిన కొలతలు ఆయన చూడనేలేదు. క్యాసెట్టు తీసుకుని చెక్క మీద ఆనించి, గీత గీసి చెక్కేశాడు. ఇక్కడ చేస్తేనే ఒరిజినల్ అని ప్రభుత్వం రాసిచ్చిన చేతులు నా డూప్లికేటుకి టోపీ పెట్టాయి :) విరిగిన పాత కప్పు, రేకు డబ్బీ, రెండూ ఒక అట్టపెట్టెలో తేదీ రాసి పెట్టా.

అసలు చిక్కు డబ్బాతో కాదు, టీవీతో. బాతుల గేము తుపాకీ కొత్త టీవీల మీద పనిచెయ్యదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల చదరం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలో ఉన్న సెన్సరు ఆ వెలుగుని ఆ క్షణంలోనే చూడాలి. ఎల్‌సీడీ ఆ బొమ్మని ఆలస్యంగా చూపిస్తుంది, వెలుగు తీరు కూడా వేరు. కాబట్టి పాత డొప్ప టీవీ కావాల్సిందే. ఆత్మకూరులో పాత సామాన్ల కొట్లో 300కి ఒకటి దొరికింది. ఇంకో గంట ఆగుంటే దాని మెడ విరగ్గొట్టి రాగి చుట్ట తీసేసుకునేవాళ్ళు. డబ్బాలకన్నా ముందు అంతరించిపోయేవి ఈ టీవీలే. జాగా లేదు, బరువు అని మీ ఆవిడ అంటే (మా ఆవిడ అంది) ఊళ్ళో అమ్మావాళ్ళింట్లో పెట్టండి.

మేమదే చేశాం. సంక్రాంతికి టీవీ, చెక్క టోపీ డబ్బా, అన్నీ మా మిద్దెలో పెట్టి మామకి కబురు చేశా. ఆయన కువైట్ వదిలేసి చాలా ఏళ్ళయింది, మోకాళ్ళ నొప్పులు. వచ్చి కూర్చుని, వీడియో క్వాలిటీ గురించి నేను చెప్పబోయిందేదీ వినకుండా "ట్యాంకులు పెట్టరా అల్లుడూ" అన్నాడు. పెట్టా. మెల్లగా, 50 దగ్గర, సరిగ్గా మా పాత వేగంలో. పదకొండో స్టేజీ దాకా ఇద్దరం గద్దని కాపాడుకుంటూ వచ్చాం. అక్కడ శత్రువులెవరూ దగ్గర లేకపోయినా మామే పొరపాటున దాన్ని కాల్చేశాడు. 1996లోనూ ఇదే చేసేవాడు.