మన వాహనం : గేర్ బాక్సులో ఏ నూనె?

గత సంచికలో బ్రేకు ద్రవం గురించి ముచ్చటించిన తరువాత మాకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం గేర్ బాక్సు నూనెను గురించినవే. వాటిలో బచేలీ కాలనీ నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం మమ్మల్ని ఈ వ్యాసానికి కూర్చోబెట్టినది. "మాది క్లచ్ పెడల్ లేని చిన్న కారు. నూనె మార్పించుటకు వెళితే, ఇది ఆటోమేటిక్ గనుక ఎర్ర నూనె పోయవలెనని మెకానిక్ అంటున్నాడు. మావారికి గని డ్యూటీలో తీరిక లేక నన్నే కనుక్కోమన్నారు. పండుగకు పిల్లలతో సాలూరు ఘాటు మీదుగా విశాఖపట్నం వెళ్ళవలసి ఉన్నది. పోయించమంటారా?" అని ఆమె అడిగినారు. పోయించవద్దని వెంటనే జవాబు పంపినాము. కారణం మాత్రం అందరికీ ఉపయోగపడేది కావున ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాము.

నూనె అనగానే జారుడు అనుకొనుట సహజం. ఎంత ఎక్కువ జారితే అంత మంచి నూనె అని కూడా అనుకొంటాము. గేర్ బాక్సు విషయంలో ఈ ఊహ సగమే నిజం. పల్లెలో నూతి గిలకను ఒకసారి తలచుకొనండి. గిలక ఇరుసుకు చుక్క నూనె వేయకపోతే అది కిర్రుమంటుంది, అరిగిపోతుంది. అదే నూనె చేంతాడు మీద పడితే తాడు చేతిలో నిలువదు. బొక్కెన నూతిలోకి పోతుంది. ఇరుసు జారవలెను, తాడు పట్టవలెను. గేర్ బాక్సులో ఇరుసుల వంటివీ ఉన్నవి, తాళ్ళ వంటివీ ఉన్నవి. చిక్కు ఎక్కడ అంటే, రెండూ ఒకే నూనెలో మునిగి ఉంటవి. ఒకచోట జారనిచ్చి, మరొకచోట పట్టు విడువని ద్రవం కావలెను. పట్టు ఏ భాగానికి కావలెనో దానినిబట్టి నూనె మారుతుంది.

చేతితో గేరు మార్చే పెట్టెలో ఆ తాడు పని చేసేది సింక్రోనైజర్ రింగు. ఇది చాలా కార్లలో ఇత్తడి వంటి రాగి మిశ్రలోహంతో చేసి ఉంటుంది. దాని లోపలి అంచున సన్నని గాళ్ళు ఉంటవి. మనం లివరును కదిలించగానే ఈ రింగు గేరు మీది శంకువును ఒరుసుకొని, రెంటి వేగాలను సమానం చేస్తుంది. అప్పుడే పళ్ళు చప్పుడు లేకుండా కలుస్తవి. ఇదంతా రెప్పపాటులో, నూనె మధ్యలో జరిగే పని. నూనె పొరను ఆ గాళ్ళు కోసివేసి లోహాన్ని పట్టుకోవలెను. నూనె మరీ జారుడైతే రింగు పట్టదు, గేరు కరకరలాడుతుంది.

గేరు నూనెలకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన తరగతులలో మనకు బజారులో తరచుగా కనిపించేవి రెండు: జి.ఎల్-4, జి.ఎల్-5. ఈ అంకెలు బడిలో తరగతుల వంటివి కావు. నాలుగు పాసైన తరువాత ఐదుకు వెళ్ళుట ఇక్కడ కుదరదు. జి.ఎల్-5 నూనె హైపాయిడ్ గేర్ల కోసం ఉద్దేశించినది. జీపులు, బొలేరోలు, ఒకప్పటి అంబాసిడర్ల వంటి వెనుక చక్రాలు తిరిగే వాహనాలలో డిఫరెన్షియల్‌లో ఉండేవి ఈ గేర్లే. వీటి పళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లుటతో పాటు బలంగా ఒరుసుకొంటూ జారుతవి. ఆ ఒత్తిడికి నూనె పొర తెగిపోతుంది. అందుచేత నూనెలో గంధకం, భాస్వరం కలిగిన రసాయనాలు కలుపుతారు. వేడెక్కిన చోట అవి ఉక్కుతో చర్య జరిపి రక్షణపొరను ఏర్పరుస్తవి. జి.ఎల్-4లో ఈ రసాయనాల మోతాదు సుమారు సగమే. ఉక్కును కాపాడే ఆ గంధకమే రాగి మిశ్రలోహాన్ని నల్లబరచి తినివేయవచ్చును. ఇప్పటి కొన్ని జి.ఎల్-5 నూనెలలో ఈ దోషం చాలవరకు తగ్గినది గాని, సింక్రోనైజరుకు కావలసిన పట్టు వాటిలో ఉంటుందన్న భరోసా లేదు.

ఈ సంగతి మేము పుస్తకంలో చదువుకొన్నాము, తరువాత అనుభవంలో నేర్చుకొన్నాము. 1998లో మాకు వెనుక చక్రాలు తిరిగే ఒక పాత కారు ఉండేది. డిఫరెన్షియల్‌కు జి.ఎల్-5 కొనవలసి వచ్చినది. రెండు రకాలు ఎందుకు, ఒకే పెద్ద డబ్బా కొంటే చవక కదా, నాలుగు కన్న ఐదు మేలే కదా అని లెక్క వేసి, గేర్ బాక్సులోనూ అదే పోసినాము. ఇంజనీరింగు పట్టా ఉన్నవారు చేసిన లెక్క అది! మొదట ఏమీ తెలియలేదు. ఏడాది దాటిన తరువాత మూడు నుండి రెండుకు మార్చేటప్పుడు చిన్న కరకర వినిపించసాగినది. రేపు చూద్దామనుకొంటూ, కుటుంబంతో విశాఖపట్నం బయలుదేరినాము.

జగదల్‌పూర్, జయపురం, కోరాపుట్ దాటి సుంకి వద్ద నుండి సాలూరు వైపు దిగే ఘాటు మన పాఠకులలో చాలామందికి పరిచయమే. దిగేటప్పుడు మూడవ గేరు నుండి రెండవ గేరుకు మార్చబోతే అది పడలేదు. రెండవసారి తోసినా పడలేదు. గేరు లేని కారు పల్లానికి వేగం అందుకొన్నది. ముందు ఖనిజంతో నిండిన లారీ, పక్కన లోయ. బ్రేకు తొక్కి పట్టినాము. మాడు వాసన వచ్చినది, పెడల్ మెత్తబడినది. మా ఇంటావిడ ఒడిలో పసిపాప. ఒక మలుపులో కొండ వైపు విశాలమైన చోటు దొరకబట్టి కారును గట్టుకు ఆనించి, హ్యాండ్ బ్రేకు లాగి నిలుపగలిగినాము. చాలాసేపటి వరకు ఎవ్వరం మాట్లాడలేదు. బ్రేకులు చల్లబడిన తరువాత, నిలిచి ఉండగానే మొదటి గేరు వేసుకొని నెమ్మదిగా దిగినాము.

లారీలకు పేరుపడిన సాలూరులో ఒక వృద్ధ మెకానిక్ డ్రెయిన్ బోల్టు విప్పి, రెండు వేళ్ళతో నూనె తీసి వాసన చూచినాడు. "ఇది క్రౌన్‌లో పోసే నూనె కదా బాబూ, గేర్ బాక్సులో ఎవరు పోసినారు?" అన్నాడు. మేమేనని చెప్పుకొనుటకు కొంత సమయం పట్టినది. పెట్టె విప్పిన తరువాత రెండవ గేరు రింగును మా చేతిలో పెట్టినాడు. నల్లబడి ఉన్నది, లోపలి గాళ్ళు గోటికి తగలలేదు. అతనికి రసాయన సూత్రాలు తెలియవు గాని, ముక్కుతో జి.ఎల్-4నూ జి.ఎల్-5నూ వేరు చేయగలడు.

ముందు చక్రాలు తిరిగే నేటి చిన్న కార్లలో డిఫరెన్షియల్ కూడా గేర్ బాక్సు పెట్టెలోనే ఉంటుంది. సాధారణంగా అందులో హైపాయిడ్ గేర్లు ఉండవు, కావున చాలావాటికి జి.ఎల్-4 నూనెయే చెప్పి ఉంటారు. కొన్ని కంపెనీలు అంతకన్న పలుచని ప్రత్యేక ద్రవాలు చెప్పుట కూడా కలదు. డబ్బా మీద 75డబ్ల్యు-90, 80డబ్ల్యు-90 అని ఉండే అంకెలు చిక్కదనానికి సంబంధించినవి. చలిలో ప్రవాహాన్ని తెలిపేది ముందరి అంకె; 80డబ్ల్యు అంటే సున్నాకు 26 డిగ్రీల దిగువన కూడా నిర్ణీత హద్దును మించి గడ్డకట్టదని అర్థం. బస్తరులో మాఘమాసపు తెల్లవారుజామున కూడా ఆకాశ్‌నగర్ కొండ మీద అంత చలి లేదు. ఇంకొక పొరపాటు: గేరు నూనె 90 అనేది ఇంజను నూనె 50 కన్న ఎంతో చిక్కనిదని భావిస్తారు. రెండూ వేర్వేరు కొలబద్దలు. నిజానికి ఈ రెండు నూనెల చిక్కదనం ఇంచుమించు దగ్గరలోనే ఉంటుంది.

ఇక ఎర్ర నూనె. జనరల్ మోటార్స్ సంస్థ 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కారులో హైడ్రా-మాటిక్ అనే ఆటోమేటిక్ గేర్ బాక్సును పెట్టినది. దీనికి 1949లో టైప్-ఏ అనే ప్రమాణం, 1967లో డెక్స్‌రాన్ వచ్చినవి. ఇటువంటి పెట్టెలో నూనె కందెన మాత్రమే కాదు. టార్క్ కన్వర్టరులో ఇంజను శక్తిని చక్రాల వైపు చేరవేసేది నూనెయే. కవాటాలను నడిపేదీ అదే. మునిగి ఉన్న క్లచ్ బిళ్ళలు కుదుపు లేకుండా పట్టుకొనునట్లు చేసేదీ అదే. ఆ మెత్తని పట్టు కోసం తొలినాళ్ళలో స్పెర్మ్ తిమింగలపు నూనెను కలిపేవారంటే నేడు నమ్ముట కష్టం. 1973లో అమెరికా అంతరించిపోతున్న జంతువుల రక్షణ చట్టం చేసిన తరువాత దానికి ప్రత్యామ్నాయాలు వెదుకవలసి వచ్చినది. ఎరుపు కేవలం కలిపిన రంగు. కారినప్పుడు ఇంజను నూనె నుండి గుర్తుపట్టుటకు ఉపయోగపడుతుంది. ఎర్రగా ఉన్నవన్నీ ఒకటే అనుకొంటే కష్టం.

సి.వి.టి. గేర్ బాక్సులో గేర్ల మెట్లు లేవు. రెండు శంకువుల వంటి పుల్లీల నడుమ వందలాది ఉక్కు రేకుల బెల్టు బిగుసుకొని తిరుగుతుంది. ఉక్కు ఉక్కును పట్టవలెను, అదీ నూనెలో! మన నూతి గిలక పోలిక ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. దీనికి సి.వి.టి. ద్రవమే పోయవలెను. మామూలు ఎర్ర నూనె పోస్తే బెల్టు జారి పుల్లీల ముఖం గీరుకొనిపోవచ్చును. తరువాత మంచి ద్రవం పోసినా ఆ గీతలు పోవు. రెండు క్లచ్‌ల గేర్ బాక్సులలో, క్లచ్‌లు నూనెలో మునిగి ఉండే రకానికి దాని ప్రత్యేక ద్రవం, పొడి క్లచ్‌ల రకానికి గేర్ల కోసం వేరొక నూనె ఉంటవి.

ఇప్పుడు మన సోదరి కారు. ఆమెది ఏ.ఎం.టి. రకం, 2014లో సెలెరియో కారుతో మన దేశపు బజారులో ప్రవేశించినది. దీనిలో టార్క్ కన్వర్టరు లేదు, బెల్టు లేదు. లోపల ఉన్నది మామూలు చేతి గేర్ బాక్సు, అదే సింక్రోనైజర్ రింగు, అదే పొడి క్లచ్. మన ఎడమ కాలూ ఎడమ చేయీ చేసే పనిని ఒక యంత్రం చేస్తుంది, అంతే. కావున పోయవలసినది ఆ కారు పుస్తకంలో చెప్పిన చేతి గేర్ బాక్సు నూనె. క్లచ్‌ను కదిలించే ఆ యంత్రం హైడ్రాలిక్ రకమైతే, దానికి విడిగా చిన్న డబ్బా, విడిగా ద్రవం ఉంటవి. రెంటినీ కలుపరాదు. పెడళ్ళు లెక్కపెట్టి నూనె నిర్ణయించుట వలననే మెకానిక్ పొరపడినాడు. ఘాటు దిగేటప్పుడు లివరును చేతి మార్పు స్థానానికి తెచ్చి, దిగుటకు ముందే రెండవ గేరు ఎంచుకొనుమని కూడా ఆమెకు వ్రాసినాము.

గని డంపరులో పోసే నూనె కారులో పోయవచ్చునా అని ఒక యువ మిత్రుడు అడిగినాడు. ఆ పీపా సంస్థ ఆస్తి అన్న మాట అటుంచుదాము. డంపరు క్లచ్‌ల బరువుకు తగిన ప్రమాణాలు వేరు. ఆ నూనె మంచిదే, చోటు అది కాదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతులు రెండు ఉన్నవి. మొదటిది నీరు. వర్షాకాలంలో వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చినప్పుడు, వేడిగా ఉన్న గేర్ బాక్సు చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకొంటుంది. గాలి రంధ్రం గుండా నీటిని లోపలికి పీల్చుకొంటుంది. నూనె మజ్జిగ రంగుకు తిరిగినదంటే వెంటనే మార్పించవలెను. రెండవది ఖనిజపు దుమ్ము. డ్రెయిన్ బోల్టుకు ఉండే అయస్కాంతం అరిగిన ఉక్కు పొడిని పట్టుకొంటుంది గాని బైలదిలా హెమటైట్‌ను పట్టుకోలేదు, దానికి అయస్కాంత ఆకర్షణ చాలా స్వల్పం. నగలకు మెరుగు పెట్టే ఎర్ర పొడి ఏ పదార్థమో ఇదీ అదే గనుక, నూనెలో చేరి బేరింగులకు మెరుగు పెడుతూనే ఉంటుంది. అందువలన నూనె పోసే బోల్టు చుట్టూ తుడిచిన తరువాతనే విప్పండి. పాత నూనెను దించక ముందే ఈ పై బోల్టు వదులవుతున్నదో లేదో చూచుకొనండి. నూనె అంతా దించిన తరువాత అది బిగుసుకొని రాకపోతే, బండి ఉన్నచోటనే ఉండిపోతుంది. కిరందుల్ నుండి రైలు చూచుకోవలసినదే.

వచ్చే సంచికలో రేడియేటరు నీటిని గురించి.