అంచ దిగిన చేను

తెలుగువాడికి బాతు ఒక్కటే. ఇంగ్లీషువాడు డక్ అని ఒకదాన్నీ, గూస్ అని ఒకదాన్నీ వేరువేరుగా పిలుచుకుంటాడు. మనం రెండింటినీ ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం. మరీ అవసరం పడితే రెండోదాన్ని పెద్దబాతు అంటాం. మాటలకు కరువై కాదు సుమండీ! గూస్‌కు మన దగ్గర బంగారంలాంటి మాట ఉంది. కాకపోతే దాన్ని నేలమీద తిరగనివ్వకుండా తీసుకువెళ్ళి సరస్వతీదేవి పాదాల దగ్గర కూర్చోబెట్టాం. ఆ మాట హంస.

సంస్కృతంలో హంస, లాటిన్‌లో ఆన్సర్, జర్మన్‌లో గాన్స్, ఇంగ్లీషులో గూస్ - ఇవన్నీ ఒక తల్లి బిడ్డలేనని భాషాశాస్త్రజ్ఞులు ఏనాడో తేల్చారు. ఆ హంస తెలుగులో అంచ అయింది. రాజహంస రాయంచ అయింది. ఏటేటా చలికాలానికి మన దేశానికి వలస వచ్చే ఒక పెద్దబాతుకు పక్షిశాస్త్రంలో ఉన్న పేరు 'ఆన్సర్ ఇండికస్'. తెలుగు చేసుకుంటే 'హిందూదేశపు అంచ' అన్నమాట. పొడుగాటి మెడతో, పాలనురుగులా ఉండే స్వాన్ పక్షి మన దేశపు వాయవ్య మూలకు ఎప్పుడో అరుదుగా వచ్చే చుట్టం. అయినా 1899లో రవివర్మ దమయంతి ముందు నిలబెట్టింది దాన్నే. ఆపైన క్యాలెండర్ల వాళ్ళు ఊరుకుంటారా? హంస అనగానే మన కళ్ళకు కట్టేది నేటికీ ఆ స్వానే.

ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, నిరుడు మార్గశిరంలో డిగ్రీ పిల్లలకు నలదమయంతుల కథ చెబుతున్నాను. శ్రీనాథుడు శృంగార నైషధంలో హంసను ఎంత ముద్దుగా మాట్లాడించాడో చెప్పుకొస్తూంటే వెనకబెంచీ కుర్రవాడొకడు లేచాడు. మామూలుగా నోరు విప్పని పిల్లవాడు.

"సార్, హంస ఏం తింటది?"

"తామరతూళ్ళు తింటుందని కవులన్నారు."

"మా దగ్గర శనగ తింటున్నది సార్."

క్లాసంతా గొల్లుమంది. వాడు మాత్రం నవ్వలేదు. సెల్‌ఫోన్ తెచ్చి బొమ్మ చూపించాడు. చెరువుగట్టు, దాని కింద పచ్చటి చేను, చేలో పాతిక ముప్పై పక్షులు. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి తల, ఆ తలమీద నుదుటి పట్టెల్లా రెండు నల్లచారలు - కాకపోతే మన పట్టెలు ముందుంటాయి, దీనికి వెనకవైపు. ముక్కూ కాళ్ళూ పసుపు. సాక్షాత్తూ ఆన్సర్ ఇండికస్. ఇంగ్లీషులో దాన్ని బార్ హెడెడ్ గూస్ అంటారు.

ఆ ఆదివారం వాళ్ళ ఊరికి వెళ్ళాను. మెదక్ ప్రాంతంలో ఒక చిన్న ఊరు. ఊరిని ఆనుకుని చెరువు, చెరువు లోపలివైపు శిఖం భూమి. తెలంగాణేతరులకు శిఖమంటే తెలియకపోవచ్చు. వానాకాలంలో చెరువు నిండి మునిగే నేల అది. కార్తీకానికి నీళ్ళు వెనక్కు తగ్గుతూంటే తడి ఆరకముందే అందులో శనగ చల్లుతారు. నీళ్ళు పెట్టనక్కరలేదు, మంచుకే పండుతుంది. సరిగ్గా ఆ తడినేల అంచునే ఈ బాతులకూ మకాం. పగలంతా నీళ్ళవార బురదలో ఒంటికాలి మీద నిలబడి, తలను రెక్కలో దూర్చి కునుకు తీస్తాయి. పొద్దు వాలితే లేస్తాయి. ఇక రాత్రంతా, తెల్లవారి మంచు విడిచేదాకా మేతే మేత. ఆవుకు గడ్డి ఎలాగో వీటికి లేతమొక్క అలాగ. ముక్కు అంచున రంపపు పళ్ళలాంటి గరుకు ఉంటుంది; దానితో ఆకును కత్తెర వేసినట్టు తెంపుతాయి. పాలనూ నీళ్ళనూ వేరు చేస్తుందని మనవాళ్ళు కీర్తించిన ముక్కు ఇదే కాబోలు!

పిల్లవాడి తండ్రి నన్ను చేనంతా తిప్పాడు. ఏభై ఏళ్ళు దాటిన మనిషి, మాట నెమ్మది.

"నెల దాటినంక మేమే కొనలు గిల్లుతం సార్. గిల్లితె కొమ్మలేస్తది, కాత ఎక్కువొస్తది. ఇవి గూడ గిల్లుతయి గని, ఏడ ఆపాల్నో వీటికి ఎరుక లేదు."

నిజమే. చెరువు దిక్కున పది పన్నెండు సాళ్ళు నేలమట్టంగా కొరికి ఉన్నాయి. కొన్నిచోట్ల మొక్క వేరుతో సహా లేచివచ్చింది. మెత్తటి నేల గదా, లాగితే ఊడుతుంది. పైగా రెండు మూడు కిలోల పక్షి. తిన్నది కొంత, తొక్కింది కొంత. అంతకు ఎగువన ఉన్న చేను మాత్రం నిక్షేపంగా ఉంది. దేనికన్నా బెదిరితే ఒక్క ఉదుటున నీళ్ళలో పడేటంత దూరంలోనే అవి మేస్తాయి.

"వెన్నెల రాత్రులు మాకు కునుకుండదు సార్. చీకటి రాత్రయితె జర నయం," అన్నాడాయన.

మంచె ఉంది. రేకు డబ్బా ఉంది. ఈమధ్య అంగళ్ళలో దొరికే లౌడుస్పీకరు ఒకటి కొనుక్కొచ్చాడు. దానిలోకి మన గొంతు ఎక్కిస్తే రాత్రంతా అదే 'హోయ్ హోయ్' అని అరుస్తూ ఉంటుంది. పందులకూ కోతులకూ దాన్ని వాడతారు. బాతులు మొదటి రాత్రి లేచిపోయాయట. రెండోనాడు ఆలస్యంగా వచ్చాయట. నాలుగోనాటికి ఆ స్పీకరు చుట్టూ మేస్తున్నాయట. వట్టి గొంతుకూ మనిషికీ తేడా నాలుగు రోజుల్లో కనిపెట్టిన పక్షిని నలమహారాజు రాయబారానికి పంపాడంటే ఆయన ఎంపికను తప్పుపట్టలేం.

ఈ తెలివికి వెనక పెద్ద చదువే ఉంది. ఈ జాతి గుడ్లు పెట్టేది లడఖ్, టిబెట్, మంగోలియాల ఎత్తయిన సరస్సుల దగ్గర. మానససరోవరం వైపు ఎగిరిపోయే రాజహంసలను కాళిదాసు మేఘసందేశంలో వర్ణించాడంటే అది కేవలం కవిసమయం కాదు. హంసలు హిమాలయం దాటే కనుమ సంగతి కూడా ఆ కావ్యంలో ఉంది. అయితే ఆయన హంసలు తొలకరి ఉరుము విని బయలుదేరతాయి. మన చెరువుల్లో ఉండే ఇవి చైత్రం నాటికే వెళ్ళిపోతాయి. ఈ తేడా మీద పండితులు వాదించుకుంటే వాదించుకోనివ్వండి.

శాస్త్రజ్ఞులు ఇండియాలోనూ మంగోలియాలోనూ కొన్ని బాతులను పట్టి, చిన్న యంత్రాలు కట్టి వదిలారు. 2011లో వాళ్ళు ప్రకటించిన సంగతి విని నేను నిర్ఘాంతపోయాను. మన వైపు పల్లంలో లేచిన బాతు ఏడెనిమిది గంటల్లో హిమాలయం ఎక్కేస్తుంది. అదీ వెనకగాలి సాయం లేకుండా, ఎక్కువగా రాత్రిపూటా తెల్లవారుజామునా. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, రెక్కకు పట్టు దొరుకుతుంది. యంత్రాలకు చిక్కిన అత్యధికమైన ఎత్తు 7,290 మీటర్లు. ఎవరెస్టు మీదుగా పోతాయని చెప్పుకునే మాట అలా ఉంచండి. చాలాభాగం ప్రయాణం అంతకంటె బాగా కిందనే సాగుతుంది. 2015లో మరో విశేషం తేలింది. ఇవి ఒకే ఎత్తులో పోవు. కొండ లేస్తే లేస్తాయి, లోయ దిగితే దిగుతాయి. కష్టపడి ఎక్కిన ఎత్తు దిగి, మళ్ళీ ఎక్కడం దండగ అనిపిస్తుంది గదా! పలచని గాలిలో రెక్కలాడిస్తూ పైనే ఉండడం అంతకంటె ఖర్చట. దీని రక్తంలోని హీమోగ్లోబిన్ తక్కిన బాతులకంటె గట్టిగా ప్రాణవాయువును పట్టుకుంటుంది, ఊపిరితిత్తులూ పెద్దవే.

ఇంత బ్రహ్మాండమైన ప్రయాణం చేసి వచ్చింది పాపం, నాలుగు శనగ కొనలు తింటే ఏం పోయిందని పట్నంలో ఉన్నవాళ్ళం అనుకోవచ్చు. అనుకోవడానికి మనకేం, ఆ నాలుగు కొనలూ మనవి కావు. స్కాట్లండులో ఐలే అని ఒక ద్వీపం ఉంది. అక్కడికి చలికాలంలో మరోజాతి పెద్దబాతులు వేలకువేలు దిగుతాయి. అవి మేసిన పచ్చికకుగాను సర్కారు దశాబ్దాల తరబడి రైతులకు సొమ్ము చెల్లిస్తూ వచ్చింది. అలాగని ధర్మరాజు పాలన అనుకునేరు; సంఖ్య మితిమీరిందని కొన్నిటిని కాల్పించింది కూడా. మా పిల్లవాడి తండ్రికి ఈ సంగతి చెబితే ఆయన సర్కారు డబ్బుల మాట వినగానే తల అడ్డంగా ఊపాడు. శిఖంలో చేను వేసినవాడు ఆఫీసుకు వెళ్ళి నష్టమైందని చెబితే, ముందు ఆ నేలలో నీకేం పని అని అడుగుతారని ఆయన భయం. నేలను బట్టి చూస్తే ఎవరు ఎవరి చోట్లో ఉన్నారన్నది తేలికగా తెగే తగువు కాదు.

ఆ సంవత్సరమే ఇంకొక వ్యవహారం నడిచింది. బజారునుంచి ఒకతను వచ్చాడట. "నీకు నిద్ర దక్కుతుంది, నాకు మాంసం దక్కుతుంది. గింజలకు మందు కలిపి చెరువువార చల్లనిస్తే పిట్టకు ఇంతని ఇస్తాను" అన్నాడట. దేశంలో చాలాచోట్ల నీటిపక్షులను ఈ విధంగానే పట్టి అమ్ముతున్నారు. 1972 నాటి చట్టం వన్యప్రాణులను చంపకూడదంటుంది; పొలీసు ప్రతి చెరువుగట్టు మీదా ఉండడు గదా. పైగా ఆ మందు పిట్టతో పోదు, తిన్న మనిషికీ ఎక్కుతుంది.

"మరి మీరేమన్నారు?" అని అడిగాను.

"నా బర్లు ఆ నీళ్ళే తాగుతయి గద సార్. వద్దన్న."

అంతే. పాపమనలేదు, పుణ్యమనలేదు, సరస్వతీ వాహనమనలేదు. కావ్యాల్లో ఉన్న హంసస్తుతులన్నీ ఒకవైపు, ఈ బర్రెల మాట ఒకవైపు పెడితే, ఆ రాత్రి ఆ ముప్పై పక్షుల ప్రాణం నిలబెట్టింది ఈ మాటే.

మనిషిని నమ్మవచ్చో లేదో ఈ పక్షి ఊరూరా వేరువేరుగా నేర్చుకుంటుంది. తుపాకి మోగే చోట మనిషి నీడ పడితే ఆమడదూరం పోతుంది. కర్ణాటకలో గదగ్ జిల్లా మాగడి చెరువు చూడండి. సుమారు ఏభై హెక్టార్లు ఉంటుంది; వానకు నిండి సేద్యానికి ఉపయోగపడే మామూలు చెరువు. చలికాలంలో ఎనిమిది వేల దాకా పక్షులు దిగుతాయి, వాటిలో ఈ బాతులదే పెద్ద పేరు. 2024లో అది రాంసర్ జాబితాకు ఎక్కింది. అరవదేశంలో తిరునల్వేలి దగ్గర కూంతంకుళం ఊరివాళ్ళు పక్షులు దిగితే ఆ ఏడు మంచిదని భావిస్తారు. రెట్టలతో బలిసిన చెరువు మట్టిని తోలుకుని చేలకు వేసుకుంటారు. టిబెట్‌లో లాసా లోయ రైతుల చేలలో వేలాది బాతులు చలికాలం గడుపుతాయి. కోతల్లో రాలిన బార్లీ గింజే వాటికి ఆధారం. లాసా పట్నపు ఉద్యానవనంలోనైతే జనం పెట్టింది వాళ్ళ కాళ్ళ దగ్గరకు వచ్చి తింటాయి. ఈ చనువుకు మరో వైపూ ఉంది. 2005లో చైనాలో చింగ్‌హాయ్ సరస్సు దగ్గర పక్షిజ్వరం తగిలి వేలాది పక్షులు చనిపోయాయి. వాటిలో ఎక్కువగా దెబ్బతిన్నది ఈ జాతే. పెంపుడు బాతులూ కోళ్ళూ తిరిగే చెరువులో ఇవి కూడా దిగుతాయి కనుక, చచ్చిపడిన పిట్ట కనిపిస్తే పిల్లలను ముట్టుకోనివ్వకుండా పశువైద్యుడికి కబురు చెయ్యమని ఆ ఇంట్లో చెప్పి వచ్చాను. వస్తూంటే ఆ ఇల్లాలు శనగాకు ఒక మోపు కట్టి ఇచ్చింది. బాతులు వదిలిన భాగంలోది. మా ఆవిడ పప్పులో వేసి వండింది, దివ్యంగా ఉంది.

మాఘం చివర శనగ పీకారు. చెరువు దిక్కు సాళ్ళు పోను తక్కినది బాగానే పండిందని పిల్లవాడు చెప్పాడు. కల్లంలో శనగ నూర్చిన తర్వాత కూడా కొద్దిరోజులు బాతులు అక్కడే ఉన్నాయట, రాలిన గింజ ఏరుకుంటూ. ఒక రాత్రి పెద్ద కలకలం చేసి లేచిపోయాయట. వాళ్ళ నాయన మంచె లేని రోజుల్లో కూడా ఆ చప్పుడుకు మెలకువ వచ్చి బయటకు వచ్చి నిలబడ్డాడట. "మళ్ళీ ఎన్నడొస్తయో మీ సారును అడుగు" అన్నాడట. కార్తీకంలో అని చెప్పి పంపాను.

ఈసారి శనగ చుట్టూ కుసుమ వేద్దామని ఆయన ఆలోచన. కుసుమకు ముళ్ళుంటాయి, పశువులు చొరబడకుండా ఆ ప్రాంతంలో చేనిచుట్టూ వేసే అలవాటు ఎప్పటినుంచో ఉంది, బాతుకు మాత్రం ఎందుకు అడ్డం రాదంటాడు. లేత కుసుమకు ముళ్ళెక్కడివి, ముళ్ళు వచ్చే నాటికి బాతు తినాల్సింది తినేస్తుందని కొడుకు వాదన. చెరువు దిక్కు సాళ్ళు వాటికి వదిలి, ఆ వెనక కుసుమ వెయ్యమని తల్లి మధ్యేమార్గం చెప్పిందట. ఎన్ని సాళ్ళు వదలాలన్న దగ్గర మాట ఆగింది. తండ్రి నాలుగంటాడు, తల్లి ఆరంటుంది. కార్తీకం ఇంకా దూరమే ఉంది.