పట్టా ఇచ్చారు, అడవి ఇవ్వలేదు

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. తెలంగాణ మొత్తం మీద లక్షన్నర మందికి, నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు భూమికి హక్కు పత్రాలు. ఏళ్ల తరబడి కేసులు, జైళ్లు, దున్నుకుంటున్న చేలో హరితహారం పేరుతో తవ్విన కందకాలు చూసినవాళ్లకు ఆ కాగితం విలువ తెలుసు. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అటవీ హక్కుల చట్టంలో అది సగమే. జల్, జంగల్, జమీన్ అంటూ కొమురం భీం పోరాడిన నేల మీదే జమీన్ పంచి, జంగల్‌ను అటవీశాఖ దగ్గరే ఉంచేశారు.

2006 నాటి ఆ చట్టం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్లకు మించకుండా, కుటుంబానికి పట్టా ఇమ్మంది. అక్కడితో ఆగలేదు. ఊరు తరతరాలుగా మేపుకుని, ఏరుకుని, కాచుకున్న అడవిని చూసుకునే అధికారాన్ని గ్రామసభకు అప్పగించమంది. సామూహిక అటవీ వనరుల హక్కు అంటే అదే. అడవి బాగోగులు మారేది పట్టాతో కాదు, ఈ అధికారంతోనే.

అది ఇచ్చిన చోట ఏమైందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. కాళేశ్వరానికి ఎదుటి ఒడ్డున సిరొంచలో ఇవాళ్టికీ తెలుగు వినబడుతుంది. ఆ జిల్లాలోనే ధనోరా తాలూకాలో మెండా లేఖా అనే గోండు ఊరుంది. గోదావరి మీద ఇచ్చంపల్లి, ఇంద్రావతి మీద భోపాలపట్నం ఆనకట్టలు వద్దంటూ 1980ల్లో సాగిన ఉద్యమంలోంచి ఆ ఊరి స్వపరిపాలన పుట్టింది. అందరూ ఒప్పుకుంటేనే అక్కడ తీర్మానం. ఆ గ్రామసభకు 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద హక్కు పత్రం వచ్చింది. అయినా వెదురు కోసి అమ్ముకుందామంటే రవాణా పర్మిట్ అటవీశాఖ చేతుల్లోనే ఉంది. కొత్త చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తి అంటే, శాఖ 1927 నాటి చట్టం చూపించి చెట్టు అంది. 2011 ఏప్రిల్‌లో కేంద్రమంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఊరికి వచ్చి పర్మిట్ పుస్తకం అప్పగిస్తే గానీ ఆ ముడి వీడలేదు.

వెదురు డబ్బు సంగతి చాలామంది రాశారు. నన్ను పట్టి నిలిపింది ఆ ఊరు తనకు తాను పెట్టుకున్న కట్టుబాట్లు. అడవికి నిప్పు పెట్టకూడదు. అడవి కొట్టి కొత్తగా సాగు చేయకూడదు. హక్కులిస్తే అడవంతా పోడైపోతుందని మన అధికారులు ఏళ్లుగా అంటున్న మాటకు ఇంతకంటే జవాబు ఏముంటుంది? చేను అవతలి అడవి కూడా తమదే అయినప్పుడు దాన్ని కొట్టుకునే తొందర ఎవరికీ ఉండదు. మన దగ్గర గట్టు దాటితే సర్కారు అడవి. ఇవాళ తాను కొట్టుకోకపోతే రేపు ఇంకొకరు కొడతారు, లేదంటే ప్లాంటేషన్ పేరుతో శాఖే చదును చేస్తుంది. పోడు పెరగడానికి ఈ భయమూ ఒక కారణమని నా నమ్మకం.

ఆసిఫాబాద్ పక్కనే ఉన్న చంద్రాపూర్ జిల్లాలో పాచ్‌గావ్ ఉంది. 2012లో హక్కు వచ్చాక ఆ ఊరు వెదురు మీద నిలదొక్కుకుంది, బీడీలు చుట్టే తునికాకు కోత మాత్రం మానేసింది. ఆకు బాగా చిగురించాలని కొమ్మలు నరుకుతారు, నేల తగలబెడతారు. నరికిన కొమ్మకు కాయ రాదు, కాలిన నేలలో మొలక బతకదు. అందుకే ఎండాకాలంలో చేతికొచ్చే నగదును వద్దనుకున్నారు. కొంత అడవిని ఏమీ కోయకుండా పూర్తిగా వదిలేశారు కూడా. వెదురు ఆదాయం ఉంది కాబట్టే వదులుకోగలిగారన్నది నిజం. కానీ ఆ లెక్క చూసుకుని, చెట్టు వైపు మొగ్గింది ఊరే. ములుగులో, భద్రాచలం మన్యంలో అదే ఆకును ఎండలో కోసి, కట్టలు కట్టి కల్లానికి మోసే ఆడవాళ్లను ఎవరైనా ఈ ఏడు ఈ చెట్లను వదిలేద్దామా అని అడిగారా? తునికాకు యూనిట్లకు టెండర్లు పిలిచేది శాఖ. కోసేవాళ్ల మాటకు అక్కడ చోటే లేదు.

గడ్చిరోలిలో అంతా సవ్యంగా ఉందని చెప్పను. గ్రామసభలకు డబ్బు ఎగ్గొట్టిన తునికాకు కాంట్రాక్టర్లున్నారు, లెక్కలు ఒకరిద్దరి చేతుల్లోకి పోయిన ఊళ్లూ ఉన్నాయి. అయితే ఆ తప్పును నిలదీయడానికి ఊళ్లోనే సభ ఉంది.

సగం హక్కుతో సగం ఫలితమైనా వస్తుందనుకోవడం పొరపాటు. బ్రెజిల్ అమెజాన్‌లో ఆదివాసుల భూములపై 2020లో వెలువడిన ఒక పరిశోధన, చివరి దశ దాటి పూర్తి హక్కు దక్కిన చోటనే అడవి నరికివేత తగ్గిందని తేల్చింది. అక్కడి పరిస్థితులు వేరు, కానీ మన అనుభవమూ దీనికి దూరంగా లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామూహిక హక్కు పత్రాలు చాలాచోట్ల గ్రామసభల పేరుతో కాకుండా వన సంరక్షణ సమితుల పేరుతో రాశారు. శాఖ పెట్టిన సమితికి శాఖ అడవినే రాసిచ్చి హక్కు ఇచ్చామనడం చట్టాన్ని తలకిందులు చేయడమే. ఏజెన్సీ భూముల్లో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు చేత చెప్పించిన సమత కేసు అనంతగిరి కొండల్లోంచి వెళ్లింది. అంతటి తీర్పు తెచ్చుకున్న చోటే గ్రామసభను ఇలా పక్కకు నెట్టడం బాధ కలిగిస్తుంది.

చేయాల్సిన పనికి కొత్త చట్టం అక్కర్లేదు. గ్రామసభ తన అడవి హద్దులు రాసి దరఖాస్తు పెట్టుకోవడానికి 2012 నిబంధనల్లో ఫారం ‘సి’ ఉంది. పట్టాల సర్వే కోసం ఊరూరా తిరిగిన సిబ్బందినే ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, పాడేరు, రంపచోడవరం ఐటీడీఏలు ఈసారి ఆ ఫారాలతో పంపాలి. ఊరి పెద్దలు చూపించే వాగు, గుట్ట, దేవర చెట్టు ఆధారంగా హద్దులు గుర్తించాలి. వచ్చే తునికాకు టెండర్ల లోపే, హక్కు తేలిన ఊళ్లలో ఆకు కోయాలో వద్దో, ఎవరికి అమ్మాలో నిర్ణయించే పనిని గ్రామసభకు వదిలేయాలి.